చిన్నబాపు చెప్పిన చుట్టరికం

పోయిన నెల మా లక్ష్మి మనవరాలు శ్రావణి ఏదో పరీక్ష రాయడానికి హైదరాబాద్ వచ్చి, రెండు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్లింది. లక్ష్మి మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడి కూతురు, నాకు చెల్లెలు. శ్రావణి ఎమ్మెస్సీలో వృక్షశాస్త్రం చదువుతోంది. అన్నం తినేటప్పుడు కూడా పుస్తకం మూయలేదు. నలభై ఏళ్లు పత్రికాఫీసులో పనిచేసిన వాణ్ణి, ఎదుటివాళ్ల ముందు ఏ కాగితం ఉన్నా తలకిందులుగానైనా సరే చదవకుండా ఉండలేను. ఆ పేజీ మీద ఒక బొమ్మ ఉంది. ఒక గీత రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలి, చివరికి ఒక పక్కన నాచులూ, ఇంకో పక్కన గోడల మీద మొలిచే పచ్చటి మాస్ దగ్గర నుంచి వరి దాకా మొక్కలూ ఉన్నాయి. ఇదేమిటని అడిగాను.

"నేల మీది మొక్కలు ఏ నాచు నుంచి వచ్చినయో చెప్పే బొమ్మ తాతా. పచ్చ నాచుల్ల రెండు పెద్ద గుంపులుంటయి. అండ్ల ఒక గుంపుల నుంచే మొక్కలన్నీ వచ్చినయి."

"ఆ గుంపులో మొక్కలకు అందరికంటే దగ్గరి చుట్టం ఏది?"

శ్రావణి వేలు పెట్టి చూపించింది. "ఇగో, స్పైరోగైరా వాళ్ల కుటుంబం. మొదట్ల కారా అనే నాచు అనుకునేటోళ్లట. అది సూస్తానికి మొక్క లెక్కనే ఉంటది కద. తర్వాత జన్యువులు పోల్చి సూసిండ్రు. ఈ బంక బంకగ జారుతుంటది సూడు, ఇదే దగ్గరిదని తేలింది. కారా గూడ చుట్టమే, కని కొంచెం దూరం."

ఆ తర్వాత నేను అన్నం తిన్నానో లేదో నాకు గుర్తు లేదు. శ్రావణి చెప్పిన మాటను వాళ్ల ముత్తాత, మా చిన్నబాపు, బోధన్ దగ్గరి ఎండిన కాలువలో గొంతుకూర్చుని నాకు చెప్పాడు. అప్పటికి నేను బీఎస్సీ చదువుతున్నాను. ఆ మాటను రాయవలసిన చోట రాయమని నా చేతికే అప్పజెప్పాడు కూడా. రాయడం నాకు బాగా వచ్చునని ఆయన నమ్మకం.

చిన్నబాపు పేరు లింబాద్రి. నిజామాబాద్ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబులో అటెండరు. మా ఊరు బోధన్ వైపు, చెరకు పొలాల మధ్య. పై చదువుకు నన్ను నిజామాబాద్ పంపినప్పుడు మా బాపు వేరే ఆలోచన చేయలేదు. తమ్ముడి ఇల్లు ఉండగా హాస్టలెందుకన్నాడు. ఖిల్లా వైపు పోయే గల్లీలో పెంకుటిల్లు, రెండు గదులు, ముందు చిన్న వాకిలి. చిన్నమ్మ బీడీలు చుట్టేది. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది తడిసిన తునికాకు వాసన, దాని మీద తంబాకు ఘాటు, ఈ రెండింటి కిందా చెరువు అడుగున ఉండే చల్లటి పాచి వాసన. ఆ మూడోది చిన్నబాపుది. వాకిట్లో గోడ వెంట మట్టి గురుగులు, పగిలిన కుండల అడుగు భాగాలు, మూతల్లేని హార్లిక్స్ సీసాలు వరసగా ఉండేవి. అన్నిటిలోనూ నీళ్లు, నీళ్లలో నాచు. "ఈ ఇంట్ల మనుషులకన్న పాచికే జాగ ఎక్కువున్నది" అని చిన్నమ్మ ఎన్నిసార్లు అన్నదో. ఒకసారి తొందరలో ఆయన గురుగులోని నీళ్లే చల్లి ఆకు తడిపింది. కార్ఖానాలో బీడీ కట్టలు లెక్క చూసుకునే మునిమి వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, "బీడీలు గోదారిల చుట్టినవా అవ్వా?" అని పక్కకు తోసేశాడట. ఆ సాయంత్రం చిన్నమ్మ ఆయనకు కూర వడ్డించలేదు. ఆయన పచ్చిపులుసుతో తిని, లేచి, గురుగులను ఎండ తగలని వైపుకు జరిపాడు.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. పిల్లల ప్రాక్టికల్ క్లాసులకు రకరకాల నాచులు తేవడం అటెండరు పని. మిగతా కాలేజీల్లో ఫార్మలిన్ సీసాల్లో ఏళ్ల తరబడి ఊరి, రంగు పోయి, పాత గుడ్డపేలికల్లా మారినవాటినే పిల్లలకు చూపేవాళ్లు. చిన్నబాపుకు అది నచ్చేది కాదు. "సచ్చినదాన్ని సూసి ఏం నేర్సుకుంటరు?" అనేవాడు. కానీ ప్రాక్టికల్ పరీక్షలు వచ్చేది ఎండాకాలంలో. అప్పటికి నిజాంసాగర్ కాలువ బంద్ చేస్తారు, పొలాల్లో తడి ఉండదు. దానికి ఆయన సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. కాలువ బంద్ అయిన వారంలో పొద్దున రైలెక్కి బోధన్ పోయి, కాలువ అడుగున నాచుతో సహా ఎండుతున్న బురదను తెచ్చి, అప్పాలుగా తట్టి, వాకిలి గోడకు అంటించేవాడు. బాగా ఎండాక పాత పేపరులో చుట్టి అటక మీద దాచేవాడు. పరీక్షకు కొన్నాళ్ల ముందు ఒక్కొక్క అప్పాన్ని గురుగులో నానబెడితే కొన్నిటిలో ఏమీ రాకపోయేది, కొన్నిటిలో పచ్చటి పోగులు లేచేవి. ఒక ఏడాది పక్కింటి రాజవ్వ అవి పిడకలే అనుకుని చెప్పకుండా నాలుగు పట్టుకుపోయి పొయ్యిలో పెట్టింది. ఇల్లంతా పొగ. "ఏం బర్రె పెండరా ఇది, మంట లేదు మన్ను లేదు!" అంటూ పొయ్యికట్టెతో సహా మా వాకిట్లోకి వచ్చింది. చిన్నబాపు ఆ కాలిన ముక్కలు చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "ఏ వారంల తెచ్చినయో ఏమో ఇవి" అన్నాడు. ఆమె పొగ ఆయనకు పట్టలేదు.

ఏ అప్పం బతుకుతుంది, ఏది బతకదు అన్న సంగతి మొదట ఆయన కూడా పనికోసమే గమనించాడు. తర్వాత అది పని కాకుండా పోయింది. గురుగుల్లో రోజుకు కొన్ని నీళ్లు తగ్గిస్తూ, ఏ నాచు ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చూసేవాడు. రాసుకునే అలవాటు లేదు. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాడు. పండుగకు చిన్నమ్మ సున్నం వేస్తే ఆ గీతలు పోయేవి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

కాలేజీలో ఆయన మా చిన్నబాపు అని నేను ఎవరికీ చెప్పలేదు. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఖాకీ చొక్కా, మోకాళ్ల దగ్గర ఫార్మలిన్ మరకలు, చేతులకు ఎప్పుడూ పాచి వాసన. అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఒక రోజు మా బల్ల దగ్గర స్లైడు గాజు పగిలింది. పక్కన స్నేహితులు ఉన్నారు. "లింబాద్రీ, ఇంకొకటి తే" అన్నాను. ఆయన తెచ్చి ఇచ్చాడు. రాత్రి నాకూ లక్ష్మికీ పల్లీలు సమంగా పంచి, లక్ష్మి ఏడ్చినా నా వాటా తగ్గించలేదు.

మా లెక్చరరు గారు కోస్తా నుంచి వచ్చినవారు. చక్కగా చెప్పేవారు, బోర్డు మీద బొమ్మ వేస్తే అచ్చుపోసినట్టుండేది. నేల మీది మొక్కలు నీటిలోని పచ్చ నాచుల నుంచే పుట్టాయని, కానీ ఏ నాచు నుంచి అన్నది ఇంకా తేలలేదని ఆయన చెప్పిన రోజు నాకు గుర్తుంది. ఆయన సొంత అభిప్రాయం కారా వైపు. కారా ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది, దాని ఒంటికి సున్నం పట్టి ఉంటుంది. నలిపితే వెల్లుల్లి లాంటి వాసన. చెరకు గడకు ఉన్నట్టే కణుపులుంటాయి, కణుపు చుట్టూ సన్నటి కొమ్మలుంటాయి. అండాన్ని పొరలు కప్పి తన ఒంటి మీదే ఉంచుకుంటుంది. చూసిన వాడెవడైనా దాన్ని మొక్క అనే అంటాడు. స్పైరోగైరా అట్లా కాదు. ఒకదాని వెనక ఒకటి అతుక్కున్న కణాలు, ఒట్టి దారం. చేతిలోకి తీసుకుంటే జారిపోతుంది. కొమ్మ లేదు, రెమ్మ లేదు. చిన్నబాపు ఒకదాన్ని గరుకు నాచు అనేవాడు, రెండోదాన్నీ దానిలాంటి జిగురు పోగులన్నిటినీ కలిపి జారుడు నాచు అనేవాడు.

ఆ రోజు క్లాసు వెనక సీసాలు సర్దుతున్న చిన్నబాపు, అడగకుండానే, "సార్, గరుకుది కాదేమో సార్. నీళ్లు తియ్యంగనే అది సచ్చిపోతది. జారుడుదే నిలవడ్తది" అన్నాడు.

లెక్చరరు గారు చాక్‌పీసు కింద పెట్టారు. కోపం రాలేదు, నవ్వారు. "లింబాద్రీ, నువ్వు సీసాలు కడుగయ్యా. వంశవృక్షాలు మేం చూసుకుంటాం" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. చిన్నబాపు కూడా నవ్వాడు, అందరికంటే చివర్న.

ఆ వేసవిలోనే కాలువ బంద్ అయ్యాక నన్ను వెంట తీసుకుపోయాడు. జానకంపేట్ దగ్గర రైలు ఆగితే మిర్చీలు కొనిపెట్టాడు. బోధన్‌లో దిగగానే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మొలాసిస్ వాసన, పుల్లగా తియ్యగా, గొంతులో అంటుకునేది. చెరకు బండ్లు వెళ్లిన దారి పొడవునా పిప్పి రాలి ఉండేది. మా ఊరి దగ్గరి పిల్లకాలువలోకి దిగాం. నీళ్లు పోయి అయిదారు రోజులైంది. నడి కాలువలో గరుకు నాచు బూడిద పోసినట్టు తెల్లగా పడి ఉంది, కాలు పెడితే పటపట విరిగింది. అంచు వెంట, రాతి కట్టడం నీడ పడే చోట, జారుడు నాచు చాపలాగా బురదకు అతుక్కుని ఉంది. పైన ఎండి గోధుమ రంగు. చిన్నబాపు గోరుతో ఆ పైపొర ఎత్తాడు. లోపల పచ్చగా ఉంది.

"సూడు బిడ్డా. నీళ్లున్నన్ని దినాలు అందరు మంచిగనే ఉంటరు. నీళ్లు పోయినంక ఎవలున్నరో సూడాలె."

"కానీ చిన్నబాపూ, కారాకు కొమ్మలున్నాయి కదా, మొక్కలాగానే ఉంది కదా?"

"పోలిక సూసి చుట్టమంటే ఎట్ల రా? మీ దోస్తు ఆ మరాఠోళ్ల పిలగాడు అచ్చం మీ బాపు లెక్కనే ఉంటడు. మనోడు అయిండా? ఇగో, ఇటు సూడు." జారుడు నాచు చాప ఆగిన చోటు నుంచే రాయి మీద మాస్ మొదలైంది, రెండింటి మధ్య జానెడు ఎడం కూడా లేదు. "నేను ఐదేండ్ల సంది సూస్తున్న. మెత్తగుండే ఈ పచ్చ మొక్క ఎక్కడ లేస్తదో గక్కడనే కింద ఇది పండుకొని ఉంటది. నీళ్లల్లకెళ్లి గడ్డకెక్కినోడు ఎవడో ఉన్నడంటె, గడ్డ మీద పండుకునుడు నేర్సినోడే అయితడు. నడిమిట్ల నిలవడి సున్నం పూసుకున్నోడు ఎట్లయితడు?"

పుస్తకంలో అట్లా లేదు అన్నాను. "పుస్తకం రాసినోడు కాలువ బంద్ అయినంక వచ్చిండా?" అని అడిగాడు. ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆ ఏడు పరీక్షలకు హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు బల్లల మీద నిగనిగలాడే పచ్చి నాచు చూసి ఆశ్చర్యపోయారు. ఈ ఎండల్లో ఇది ఎక్కడిదని అడిగి, అప్పాల సంగతి విని, చిన్నబాపు భుజం తట్టారు. "ఇట్లాంటివి నువ్వు ఇంకేమైనా గమనిస్తే నాకు ఉత్తరం రాయి" అని తన చిరునామా కాగితం మీద రాసి ఇచ్చారు. పెద్ద సార్లు అట్లా అని మరిచిపోతారు. చిన్నబాపు మరిచిపోలేదు. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుని ఇంకో వేసవి దాకా ఆగాడు. ఆ వేసవిలో మళ్లీ గురుగుల్లో నీళ్లు తగ్గించి, మళ్లీ కాలువకు పోయి, అంతా సరిపోయిందని తేల్చుకున్నాక ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. అప్పటికి నేను చివరి ఏడాదిలో ఉన్నాను. నిజామాబాద్‌లోని పత్రికా విలేఖరికి వార్తలు రాసిపెట్టడంలో సాయం కూడా చేస్తున్నాను.

"బిడ్డా, ఉత్తరం రాద్దాం పా. ఇంగ్లీషుల రాయాలె. పెద్ద సారు కద."

చిన్నమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లక్ష్మి ఎక్కాలు చదువుతోంది. చిన్నబాపు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క మాటే చెప్పాడు. నేను ముందు తెలుగులో రాసుకున్నాను. ఎన్ని వేసవులు చూశాడో, ఏ నాచు ఎన్ని రోజులు ఓర్చుకుందో, మాస్ ఎక్కడ మొలిచిందో అన్నీ చెప్పాక చివరి మాట దగ్గర ఆగాడు. "నాకు సదువు లేదు, తప్పైతే మాఫ్ చేయిండ్రి. కని నేల మీది మొక్కలకు దగ్గరి చుట్టం స్పైరోగైరానే అని నాకు అనిపిస్తున్నది. మీరు ఒక్కపారి సూడుండ్రి. గిట్ల రాయి."

"పెద్ద సారు నవ్వుతడేమో" అన్నది చిన్నమ్మ, తల ఎత్తకుండానే.

"నవ్వనియ్యి. సూసినంక నవ్వనియ్యి."

మరునాడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాస్తున్నప్పుడు నాకు భయం వేసింది. ఆ ఉత్తరం కాలేజీ పేరుతో పోతుంది. ప్రొఫెసరు గారు నవ్వి, మా లెక్చరరు గారితో అంటే, ఈ ఇంగ్లీషు ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు అటెండరు నాకేమవుతాడో అందరికీ తెలుస్తుంది. ఇది ఒక కారణం. రెండోది ఇంకా మామూలుది: చిన్నబాపు పొరబడ్డాడని నేను నిజంగానే అనుకున్నాను. పుస్తకాలు చదివింది నేను. తప్పు మాట ఆయన పేరు మీద పోకుండా దిద్దడం నా పని అనుకున్నాను. పత్రికకు వార్త రాసేటప్పుడు పల్లెటూరి మనిషి చెప్పిన మాటను ఇట్లాగే సరిచేసి రాసేవాణ్ణి, విలేఖరి మెచ్చుకునేవాడు. స్పైరోగైరా అని ఉన్నచోట కారా అని పెట్టాను. పేరు మారాక మిగతావి అతకలేదు. అందుకని ఎండిన కాలువ సంగతి, గురుగుల సంగతి తీసేసి, కణుపులు, కొమ్మలు, అండం చుట్టూ పొరలు అన్నీ నా నోట్సులోంచి చేర్చాను. చక్కటి ఉత్తరం తయారైంది. చిన్నబాపు దానికింద తెలుగులో సంతకం పెట్టాడు. ఒక్కొక్క అక్షరం రాసి, ఆగి, చూసుకుని మళ్లీ రాశాడు. కవరు తనే పోస్టాఫీసుకు పోయి వేసి వచ్చాడు.

జవాబు రావడానికి నెల పైన పట్టింది. కాలేజీకే వచ్చింది. చిన్నబాపు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, మధ్యాహ్నమంతా ల్యాబులో నా ముందు తిరుగుతూ కూడా అక్కడ ఇవ్వలేదు. నలుగురిలో నాకు ఇబ్బంది అవుతుందని ఆయనకు తెలుసు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూర్చున్నాక ఇచ్చాడు. చిన్న ఉత్తరమే. మర్యాదగానే ఉంది. కారాకూ నేల మీది మొక్కలకూ పోలికలున్న మాట నిజమేనని, కానీ అది పండితులు ఎప్పుడో గమనించినదేనని, ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుందని, అటెండరుగా ఉండి ఇంత ఆసక్తి చూపడం సంతోషమని రాశారు. నేను పైకి తెలుగులో చెప్పాను. కారా అన్నచోట నాచు అన్నాను.

"సారు సంతోషపడ్డరు చిన్నబాపూ. నాచుకూ మొక్కలకూ చుట్టరికం ఉన్న మాట నిజమేనట. పుస్తకాలల్ల ఉన్నదేనట."

"ఉన్నదట్నా? ఏ పుస్తకంల?"

"అన్నిట్లో."

ఆయన చెయ్యి చాపాడు. ఉత్తరం ఇచ్చాను. చిన్నబాపుకు ఇంగ్లీషు రాదు, నిజమే. కానీ ల్యాబులో ప్రతి సీసా మీదా ఇంగ్లీషు పేరు చీటీ అంటించేది ఆయనే. ఆ పేర్లు ఎట్లా ఉంటాయో, ఏది పొడుగు, ఏది పొట్టి, ఏ అక్షరంతో మొదలై ఏ అక్షరంతో ముగుస్తుందో ఆయన కంటికి తెలుసు. కలగాపులగంగా ఇచ్చినా సరైన సీసాకు సరైన చీటీ అంటించేవాడు. ఆ మాట నాకు అప్పుడు, ఆయన వేలు ఉత్తరం మీద నడుస్తుండగా, తోచింది. వేలు మొదటి వరుస మీద నెమ్మదిగా పోయింది. రెండో వరుసలో ఒక పొట్టి మాట దగ్గర ఆగింది. కింద ఇంకోచోట మళ్లీ అదే మాట దగ్గర ఆగింది. చివరి దాకా పోయి, వెనక్కి తిరిగి, మరోసారి మొత్తం చూశాడు. ఆయన వెతుకుతున్న పొడుగు మాట అందులో ఎక్కడా లేదు.

"నేను చెప్పినట్టే రాసినవ్ కద బిడ్డా?"

"అట్లనే రాసిన చిన్నబాపూ."

"మంచిది" అన్నాడు. ఉత్తరం మడిచి నాకే ఇచ్చాడు. లోపలి నుంచి చిన్నమ్మ, "ఏమన్నడట పెద్ద సారు?" అని అడిగితే, "సంతోషపడ్డడట" అని చెప్పి, గురుగులకు నీళ్లు పోయడానికి లేచాడు. ఆ రోజు అన్నిటినిండా పోశాడు, అంచుల దాకా.

నా వాటా పల్లీలు తగ్గలేదు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు గల్లీ అంతా తానే బెల్లం పంచాడు. మారింది ఒక్కటే: ఆ తర్వాత ఇంటికి ఏ కాగితం వచ్చినా, కరెంటు ఆఫీసుదైనా, ఊరి నుంచి మా బాపు రాసిన కార్డైనా, గల్లీ చివర దర్జీ దగ్గరికి తీసుకుపోయి చదివించుకునేవాడు. నేను ఇంట్లోనే ఉన్నా సరే. మరుసటి ఏడాది గోడ మీద అప్పాలు లేవు. పిల్లలకు ఫార్మలిన్ సీసాలే పెడుతున్నాడని జూనియర్లు చెప్పారు. నేను అప్పటికి పత్రికలో చేరాను. డెస్కు మీద ఎన్నో ఏళ్లు కుర్రవాళ్లకు ఒక మాట చెబుతూ వచ్చాను: మనిషి చెప్పింది చెప్పినట్టు రాయి, నీకు తప్పనిపిస్తే పక్కన నీ సందేహం రాయి, మాట మాత్రం మార్చకు. కటువుగానే చెప్పేవాణ్ణి. అది నాకు ఏ ఎడిటరో నేర్పిన పాఠమని వాళ్లు అనుకుని ఉంటారు.

శ్రావణి వెళ్లిన వారానికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. ఆ పిల్ల ఓపికగా విన్నది. "తాతా, నువ్వు ఉన్నదున్నట్టు రాసినా గా పెద్ద సారు నమ్మేటోడు కాదు. అప్పుడు జన్యువులు పోల్చి సూసుడే లేదు. ఎండకు ఓర్సుకున్నంత మాత్రాన చుట్టమని రుజువు కాదు" అన్నది. నిజమే. అటెండరు ఉత్తరం చూసి ఎవరూ పుస్తకాలు తిరగరాసి ఉండరు. ఇప్పుడు కాలువల్లో అంచుదాకా సిమెంటు పోశారు, బోధన్‌లో దిగితే మొలాసిస్ వాసన లేదు, శ్రావణి కాలేజీలో నాచును తెర మీద చూపిస్తారట, పాచి వాసన ఎవరి చేతికీ అంటదు. ఆమెకు తెలిసినంత శాస్త్రం మా లెక్చరరు గారికి కూడా తెలియదు. అయినా ఆమె ఓదార్పు నన్ను చేరలేదు. ప్రొఫెసరు గారు నవ్వినా, చింపేసినా, అది చిన్నబాపు మాటకు వచ్చిన జవాబు అయ్యేది. ఆయన నవ్వనియ్యి అన్నాడు. ఆయనకు నేను ఆ నవ్వును కూడా దక్కనివ్వలేదు. "మా అమ్మమ్మకు చెప్పమంటవా?" అని శ్రావణి అడిగింది. నేనే చెబుతానన్నాను. లక్ష్మికి ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయ్యాక చదువుతుంది.

నిజం చెప్పడానికి నాకు ఒక్క అవకాశం మాత్రం సరిగ్గా దొరికింది. చిన్నబాపు రిటైరైన ఏడాది, వేసవిలో, మా ఊళ్లో ఎవరిదో పెళ్లికి ఇద్దరం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో బస్సు కోసం కాలువ గట్టు మీదుగా రోడ్డు దాకా నడిచాం, మైలు పైనే ఉంటుంది. కాలువ బంద్ అయి ఉంది. అంచు వెంట జారుడు నాచు ఎండుతోంది. ఆయన దాని పక్కనుంచే, చెప్పులు చేతపట్టుకుని, తల దించకుండా నడుస్తున్నాడు. ఉత్తరంలో పేరు నేను మార్చాను అన్న ఒక్క వాక్యం నోటిదాకా వచ్చింది. దానికి బదులు, "ఇంకా నాచు చూస్తున్నవా చిన్నబాపూ?" అని అడిగాను.

"ఏడ బిడ్డా. కండ్లు ఆనుతలేవు. దగ్గరిదే కనవడ్తలేదు" అన్నాడు.

నేను మళ్లీ నోరు తెరిచేలోపల ఆయన రోడ్డు వైపు, చెరకు తోటలకు అవతల ఎక్కడో ఉన్న మలుపు వైపు చెయ్యి చూపించాడు. "అగో, బస్సొస్తున్నది. ఉరుకు."

నాకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి ఆ దుమ్ములోంచి బస్సు వచ్చింది.